ఎడమ చక్రం తిరిగిన రోజు

వానాకాలమంతా మునగచెట్టు కింద నిలబడ్డ మా వ్యాను, వానలు వెనకబట్టాక బయటికి తీద్దామని చూస్తే మొండికేసింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. హారను మోగింది. స్టీరింగు మాత్రం గోడలో పాతిన గొళ్లెంలా ఉంది. రెండు చేతులా పట్టుకుని ఒళ్లంతా బరువేసి లాగితే బెత్తెడు వచ్చి, ముందు ఎడమ చక్రం దగ్గర ఎక్కడో కిర్రుమని, అక్కడే ఆగిపోయింది.

మాది భోపాలపట్నంలో చిన్న కిరాణా కొట్టు. కొట్టు తిండి పెడుతుంది. నాకు ఊపిరి మాత్రం ఊరూరా వారానికోసారి కూడే అంగళ్లే. ఉప్పు, సబ్బులు, గాజులు, అద్దాలు, చేత్తో దంచిన కారం, పసుపు వ్యాను నిండా వేసుకుని మద్దేడు అంగడికీ ఆవపల్లి అంగడికీ పోవడం, వచ్చేటప్పుడు చింతపండు, ఇప్పపువ్వు, తేనెమైనం కొనుక్కుని రావడం మా పని. మొదట్లో మా ఆయన నడిపేవారు. ఆయన నడుము పాడయ్యాక, అంగడి లేని రోజు చూసి ఖాళీ మైదానంలో నా చేత స్టీరింగు పట్టించారు. పక్క సీట్లో కూర్చుని, "గుంత! గుంత! కళ్లున్నయా లేవా?" అని అరుస్తూనే నేర్పారు. ఆ అరుపులకు ఇప్పటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

నేను బడికి పోలేదు. అమ్మ వడ్లగాదె మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. లెక్కలు నాన్న కొట్లో పొట్లాలు కడుతూ వచ్చాయి. హిందీ గిరాకీల నుంచి, అడవి పల్లెల దొర్లవాళ్ల మాట అంగడి నుంచి వచ్చాయి. ఇంట్లో నేర్చుకున్నదానికి పరీక్ష ఎప్పుడుంటుందో ఎవరూ ముందుగా చెప్పరు. నాకు ఆ సంవత్సరం దసరా ముందు వచ్చింది, వ్యాను కింద.

కొట్లో నేను ఫలానా సేటు భార్యను. గల్లాపెట్టె వెనక నీడలో కూర్చునే మనిషిని. అంగట్లో మాత్రం బండి నడిపే అక్కనని ఆడవాళ్లు నన్ను బండక్క అంటారు. బండక్క వచ్చిందా అని దారిలోనే ఆరా తీస్తారు. వ్యాను తలుపు నీడలో పిల్లలకు పాలిచ్చుకుంటారు. తిరుగు ప్రయాణంలో ముసలివాళ్లను ఎక్కించుకుంటే, దిగేటప్పుడు ఒడిలోంచి ఓ దోసకాయో, గుప్పెడు చారపప్పో సీటు మీద పెట్టి పోతారు. వ్యాను పోతే బండక్క కూడా పోతుంది. ఇంకొక బండి కొనే ఆలోచన మా ఇంట్లో ఎవరూ చేయరని నాకు తెలుసు.

నాతో కారం దంచడానికి రోజూ ఒక దొర్ల అమ్మాయి వస్తుంది. మా సందు చివరి ఇల్లు. వయసు చిన్నది, నోరు పెద్దది. నేను చెల్లె అంటాను. ఆమెను సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు లాగమని, నేను గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను.

"ఏం కనబడుతుందక్కా?"

"తుప్పు."

"అది నాకు పైకెల్లే కనబడుతుంది గదా!"

చక్రాన్ని అటూ ఇటూ తోసే కడ్డీ ఒకటి ఉంటుంది. టైరాడ్ అంటారు. దాని కొసన, మన భుజం కీలు లాగే, గిన్నెలో గుండు కూర్చున్నట్టు ఒక కీలు ఉంటుంది. దాని రబ్బరు తొడుగు చిరిగిపోయి ఉంది. వాగులు దాటినప్పటి నీళ్లు, ఎర్రమట్టి లోపలికి పోయి, గుండూ గిన్నే తుప్పుతో ఒకే ముద్దయ్యాయి. కొత్త కీలు వేస్తే చాలు. బీజాపూర్ పోయే బస్సు డ్రైవరన్నకు చెప్తే సాయంత్రానికల్లా కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. మా అత్తమ్మ దానికి బొట్టు పెట్టి దేవుడి అరలో పెట్టింది. చిక్కంతా పాతది ఊడిరావడంలోనే.

ఆ పాత కీలుకు రెండు పట్లు. ఒక కొస మరలుగా కడ్డీలోకి బిగుసుకుని, వెనక ఒక నట్టుతో గట్టిపడి ఉంటుంది. రెండో కొస ఒక మేకు. ఆ మేకు ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా ఉండి, చక్రం వెనక నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చెయ్యి చివర కన్నులా ఉన్న బెజ్జంలో, సీసాలో బిరడాలా ఇరుక్కుని ఉంటుంది. రెండు పట్లూ విడవలేదు.

మా ఆయన ఒక పూటంతా పోరాడారు. మట్టినూనె పోశారు, తిట్లు పోశారు. మేకు కొసనున్న నట్టు విప్పి, అక్కడ సుత్తితో బాదితే ఆ కొస పుట్టగొడుగులా విచ్చుకుందే గాని మేకు జారలేదు. చివరి దెబ్బకు "అబ్బా" అన్న కేక వినబడి పరుగెత్తి పోతే, మనిషి వంగినవాడు వంగినట్టే ఉన్నారు. స్టీరింగు అట్లాగే ఉంది, పైగా ఆయన నడుము కూడా పట్టేసింది. నేనూ చెల్లే చెరో భుజం పట్టుకుని వసారాలో మంచం మీద వాల్చాం.

మంచం మీద నుంచే బీజాపూర్ మెకానిక్కుకు ఫోను చేశారు. లాక్కుని రమ్మన్నాడట. స్టీరింగు తిరగని బండిని అంత దూరం ఎట్లా లాగడం? అది మీ తిప్పలు, అంత పాత బండికి అంత ఆరాటమెందుకు, కబాడీకి వేసెయ్యండి అన్నాడట. మా ఆయన ఫోను పెట్టేసి, ఇంకో నంబరు కలిపి, పాత ఇనుము కొనేవాడితో మాట్లాడారు.

"రేపు పొద్దెక్కినంక వస్తడు. మాటిచ్చిన," అన్నారు నావైపు చూడకుండా.

"నన్నొక మాట అడగకపోతిరి."

"అడిగితే వద్దంటవని తెల్వదా?" అని అటు తిరగబోయి, నడుము కలుక్కుమని, ఇటే తిరిగి ఉండిపోయారు.

కొట్టు మాట ఊళ్లో ఎంత గట్టిదో నాకు తెలుసు. అందుకే గట్టిగా పోట్లాడలేదు. "పొద్దెక్కేలోపల చక్రం తిరిగితే?" అని అడిగాను.

"తిరిగితే వాడికి చాయ్ పోసి పంపిద్దాం."

మంచం పక్కన కూర్చుని వింటున్న అత్తమ్మ, "విన్నవా, అన్నడు. ఆ మాట గూడ మాటనే," అంది.

తెల్లవారి తలస్నానం చేసి దీపం పెట్టాను. ఏమి కోరుకోవాలో తోచలేదు. ఒక ఇనుప ముక్క ఊడి రావాలని అమ్మవారిని అడగడం కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఇంతవరకు ఈ బండిని ఇచ్చినందుకు చేతులెత్తి దండం పెట్టాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా కుందె కనబడింది.

అది మా అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నిలువెత్తు ఇత్తడి దీపం. ముక్కలు ముక్కలుగా మరలతో బిగించి నిలబెట్టేది. ప్రతి దసరాకూ తోమడానికి ఊడదీయబోతే మరలు పట్టేసి రావు. అత్తమ్మ అప్పుడు ఆ అతుకు దగ్గర నిప్పు చూపించి, బాగా వేడెక్కాక తేనెమైనం ముక్కను ఆనిస్తుంది. మైనం కరిగి బయటికి కారదు. దప్పికైన నేల నీళ్లు తాగినట్టు మర లోపలికి పోతుంది. ఆ తర్వాత గుడ్డతో పట్టుకుని తిప్పితే వస్తుంది. ఎన్నేళ్లుగానో నా కళ్ల ముందే జరుగుతోంది. ఇత్తడి మర మాట విన్నది, ఇనుప మర ఎందుకు వినదు?

"అత్తమ్మా, కుంపటి రాజేస్త. మైనం ఎక్కడుంది?"

"దీపం తోముడు ఇంక నాలుగు దినాలుంది గదనే!"

"దీపం కాదు, బండి."

అత్తమ్మ కొట్లోకి పోయి, అమ్మకానికి పెట్టిన మైనంలోంచి పెద్ద ముక్కే విరుచుకొచ్చింది.

చెల్లె వచ్చేసరికి నేను జాకీ ఎత్తి, కింద రుబ్బురాయంత మొద్దు పెట్టి, చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టాను. బండి ఎత్తినప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదని ఆయన నేర్పిన మొదటి పాఠం. ముందు వెనక నట్టు సంగతి చూడాలనుకున్నాను. మేకు ఇంకా కంట్లో ఇరుక్కుని ఉంది గనక కడ్డీ కదలకుండా నిలబడుతుంది. దాని మొండితనం అంతవరకు నాకు సాయమే. కడ్డీ లోపలి కొసనున్న రబ్బరుకు సెగ తగలకుండా తడిగుడ్డ చుట్టాను. బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకున్నాను. చెల్లె పట్టకారుతో ఎర్రటి బొగ్గును నట్టుకు ఆనించింది. నేను ఊదుగొట్టంతో ఊదాను. బొగ్గు ఎరుపులోంచి తెలుపులోకి పోయింది. మూడు పొయ్యిల పొగ మింగిన ఊపిరి కదా నాది, ఊదడంలో ఎవరికీ తీసిపోను.

"ఏం వండుతున్నరే ఆడ?" అని మంచం మీద నుంచి ఆయన.

"టైరాడు కూర!" అంది చెల్లె. "ఉడికినంక మీకే పెడ్తం బావా!"

బొగ్గు తీసి మైనం ఆనించాను. చుయ్యిమంది. తేనెపట్టు వాసన, అడవిలో ఎండాకాలపు వాసన, వ్యాను కిందంతా నిండింది. మైనం కారలేదు. లోపలికి పోయింది. నేను చూస్తుండగానే మర గీతల్లోకి సన్నగా, నిగనిగలాడుతూ పోయింది. ఇంకోసారి వేడి, ఇంకోసారి మైనం. పానాకు ఇనుప గొట్టం తొడిగి, కాలు బండకు తన్నిపెట్టి లాగాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఎండుకొమ్మ విరిగినట్టు "టక్" మంది. పానా నాతోబాటు వెనక్కి వచ్చింది. నేను వెల్లకిలా పడ్డాను. పడి, అట్లాగే నవ్వాను.

"ఇరిగిందా?" అని ఆయన భయంగా.

"ఊడింది!" అని మేమిద్దరం ఒకేసారి.

అత్తమ్మ మిగిలిన మైనం ముక్కను కొంగున ముడేసుకుంది. మొహంలో పుట్టింటి కుందె వెలుగు ఉంది.

ఇక మేకు. అది బిరడా రకం కాబట్టి దానికి వేడి, మైనం చాలవు. విచ్చుకున్న కొసను ఆకురాయితో రాచి సన్నం చేశాను గాని, మళ్లీ కొడితే మళ్లీ విచ్చుకుంటుందే తప్ప మేకు జారదు. దాన్ని కాదు, దాన్ని పట్టుకున్న కంటిని కొట్టాలని నాకు కొద్దిసేపటికి తట్టింది. అంగడికి డబ్బాల్లో కారం తీసుకుపోతాం. మూత పట్టేస్తే మూతను లాగం. డబ్బా పక్కలు తడతాం. ఒకవైపు తడితే డబ్బా అటు జరుగుతుందంతే. రెండువైపులా అరచేతులతో ఒకేసారి చరిస్తే మూత పట్టు వదులుతుంది. అట్లాగే ఈ ఇనుప కంటికి ముందు నుంచి ఒక సుత్తి, వెనక నుంచి ఒక సుత్తి, ఒకే క్షణంలో పడితే, కన్ను రెప్పపాటు సాగి మేకును వదలాలి.

చెల్లె వాళ్ల ఇంటి నుంచి గూటాలు కొట్టే సుత్తి తెచ్చింది. మాది వ్యానులో ఉండే సుత్తి. బరువులు ఇంచుమించు సమానం. ఆమె అటు, నేను ఇటు కూర్చున్నాం. "కానీ," అన్నాను.

టంగ్. టంగ్.

నాది పడ్డాక ఆమెది పడింది. "ఒక్కసారి పడాలె చెల్లె." మళ్లీ ఎత్తాం. టంగ్. టంగ్. ఈసారి ఆమెది ముందు, నాది వెనక. ఇనుప చెయ్యి అటూ ఇటూ జాడించింది. మేకు హాయిగా కూర్చుంది.

తప్పు ఎవరిదీ కాదు. మేం జంటగా కారం దంచే మనుషులం. ఒకే రోట్లో రెండు రోకళ్లు, ఒకటి లేస్తే ఒకటి పడాలి. రెండూ ఒక్కసారి పడితే రోకలికి రోకలి తగులుతుంది. తగిలితే ఇంట్లో జగడమని మా దగ్గర పట్టింపు. చిన్నప్పుడు అట్లా తగిలించి తొడపాశం తినని ఆడపిల్ల మా సందులో లేదు. మనసు ఇప్పుడు ఒకేసారి కొట్టమంటుంది. చెయ్యి మాత్రం ఎదుటి మనిషి దెబ్బ పడేదాకా గాల్లోనే ఆగుతుంది. లెక్క చెప్పుకుని కొట్టాం. ఒకటి, రెండు, మూడు అనగానే చెల్లె చెయ్యి ఆగింది. "నీ చెయ్యి లేచింది గదక్కా, నాకు ఎట్ల పడతది?" అంది. కళ్లు మూసుకుని కొట్టాం. నా సుత్తి నేలను తాకింది. "కండ్లు తెరిస్తే దంచుడు, మూస్తే తవ్వుడు," అని చెల్లె నవ్వింది గాని, ఇద్దరి భుజాలూ అప్పటికే గుంజుతున్నాయి.

సరిగ్గా ఆ సమయానికి కబాడీ పికప్పు వచ్చి వాకిట్లో ఆగింది. వెనక పాత సైకిళ్లు, కూలరు డొక్కులు, తాడు. ఆ తాడు మా వ్యాను కోసమేనని చూడగానే తెలిసింది. అతను జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చి మా దగ్గర తిరిగేవాడు. తెలుగు, హిందీ కలిపి మాట్లాడతాడు. చెడ్డవాడు కాదు. దిగి, చక్రం లేని వ్యానును, మసి మొహాలతో ఉన్న మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"క్యా భాభీ, నా కోసం మీరే పార్టు పార్టు ఇప్పి పెడుతున్నరా? మంచిది. లోడింగు సులువు."

"నీ కోసం కాదు భయ్యా. మా కోసం."

మంచం మీద నుంచి ఆయన పిలిచారు. "వచ్చినవా? కూసో, కూసో. చాయ్ తాగు." తర్వాత గొంతు తగ్గించి, నాకు వినబడాలనే, "పొద్దెక్కింది," అన్నారు. ఆ గొంతులో సంబరం లేదు. మాట ఇచ్చిన మనిషి ఇబ్బంది ఉంది.

అత్తమ్మ లేచింది. "చాయ్ పెడ్త బిడ్డా. మా ఇంట్ల చాయ్ కట్టెల పొయ్యి మీదనే రుచి," అంది కబాడీతో. గ్యాసు పొయ్యి ఇంట్లో ఉండగా, వాడక మూలన పడ్డ కట్టెల పొయ్యిని బయటికి తెచ్చి, పచ్చి పుల్లలు ఏరి మరీ పెట్టింది. పొగ లేచింది. మంట రాలేదు. ఆమె తొందరపడలేదు.

మేం మళ్లీ కొట్టాం. టంగ్. టంగ్.

కబాడీ గొంతుక్కూర్చుని చూశాడు. "భాభీ, దాని లోపల మిర్చి వేసిన్రా ఏంది?"

"నీకు నవ్వులాటగుంది," అంది చెల్లె. "రా, నువ్వు కొట్టు."

"నేను కొడితే ఇనుము నాదైతది. వద్దు."

అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి మా చేతులనే చూస్తోంది. "రెండు పోట్లు ఒక్కపారి పడొద్దని నేనే గద మీకు నేర్పింది," అంది, తనలో తాను అన్నట్టు. తర్వాత గట్టిగా, "ఏ పిల్లా! నవమికి గుడి ముందట కోలాటం ఆడలేదా మీరిద్దరు?"

"ఆడినం."

"అండ్ల కోల ఎట్ల తగిల్తది? ఒకటెనక ఒకటా?"

నేనూ చెల్లే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కోలాటంలో నా కోల, ఎదుటి మనిషి కోల తాళం మీద ఒకేసారి కలుస్తాయి. ఆలస్యమైతే గాలిని కొట్టి నవ్వులపాలవుతాం. ఆ ఆటలో మా చేతులు ఎప్పుడూ తప్పలేదు. అదే చేతులు, అదే మనుషులు. రోకలి అనుకుంటే ఒక దారి, కోల అనుకుంటే ఇంకో దారి.

అత్తమ్మ లోపలికి పోయి దేవుడి అరలోంచి కంచు తాళాలు తెచ్చింది. భజనలో తప్ప ఇంకెక్కడా వాటిని మోగించగా నేను చూడలేదు. పొయ్యిని దాని పొగకు వదిలేసి, వ్యాను పక్కన పీట వేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. "హరే అంటే ఎత్తుండ్రి. రామా అంటే తాళం పడతది, మీది గూడ పడాలె. సుత్తి అనుకోకుండ్రి. కోల అనుకోండ్రి."

"హరే..."

సుత్తులు లేచాయి.

"రామా!"

ఒకటే శబ్దం. టంగ్ అన్నది ఒక్కటే. అప్పటిదాకా అటూ ఇటూ జాడించిన ఇనుప చెయ్యి ఈసారి ఎటూ పోలేదు. దెబ్బ మొత్తం కంట్లోకే దిగింది. నా అరచేతిలోంచి మోచేతిదాకా జుమ్మంది.

"హరే... రామా! హరే... రామా!"

అత్తమ్మ గొంతు సన్నగా మొదలై నిండుగా పెరిగింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. కబాడీ మోకాలి మీద చెయ్యి వేసుకుని తాళం వేస్తున్నాడు, తనకు తెలియకుండానే. మా ఆయన నడుము మర్చిపోయి మంచం మీద లేచి కూర్చుని, "ఇంకొంచెం కిందికి! కన్ను నడుమ!" అని అరుస్తున్నారు, మైదానంలో గుంత గుంత అని అరిచినట్టే. నాకు చెమట కళ్లలోకి పోతోంది. చెల్లె పెదవి కొరుక్కుని ఉంది. ఆమె సుత్తి ఎప్పుడు పడుతుందో నేను చూడడం మానేశాను. వినడమే. తాళం ఉంది, మేము ఉన్నాం.

"హరే... రామా!"

శబ్దం మారింది. టంగ్ అనవలసింది "ఠప్" అంది. నా సుత్తి కింద ఏదో మెత్తబడినట్టయింది. మేకు కంట్లోంచి జారి, కడ్డీతో సహా కిందికి వాలి, ఎర్రమట్టి రాల్చుకుంటూ ఊగింది.

అత్తమ్మ చేతుల్లో తాళాలు గాల్లోనే ఆగాయి.

"వచ్చిందక్కా!" అని చెల్లె కేక. ఆ కేకకు పక్కింటి కోళ్లు లేచాయి. మేమిద్దరం వ్యాను అడుగున, మట్టిలో, ఒకరినొకరం పట్టుకుని చిన్నపిల్లల్లా ఊగాం. అత్తమ్మ తాళాలు కళ్లకద్దుకుంది. ఆ తర్వాత మాత్రం గంభీరంగా, "తగిల్తె జగడమన్నరు, ఏం గాలే," అంది.

మిగతాది పెళ్లయ్యాక పందిరి విప్పినంత సులువు. అయితే పాతది మర తిప్పి తీసేముందు దాని పొడుగు కొలుచుకోవాలి. కొత్తది అంతే పొడుగున కూర్చోకపోతే బండి ఒకవైపు లాగుతుంది. జాకెట్టు కొలత తీసినట్టు పసుపుదారం ఒకటి కీలు గుండు నుంచి కడ్డీ మీది మచ్చ దాకా పట్టి ముడేశాను. మైనం తాగిన మర ఎంత నునుపుగా తిరిగిందో! చేత్తోనే వచ్చేసింది. దేవుడి అరలోంచి బొట్టుతో వచ్చిన కొత్తది ఎక్కించి, దారం ముడి దగ్గర ఆపి, నట్టు బిగించి, మేకును కంట్లో కూర్చోబెట్టి, దాని నట్టూ బిగించి, అది ఊడకుండా పిన్ను గుచ్చి వంచాను. చక్రం ఎక్కించాను. చెల్లె జాకీ దించింది.

సీట్లో కూర్చున్నాను. కళ్లు మూసి, ఇంతవరకు నాకు ఏదో ఒకటి నేర్పినవాళ్లందరినీ, అమ్మ బొగ్గుముక్క దగ్గర నుంచి, ఒక్కసారి తలుచుకున్నాను. ఇంజను అందుకుంది. స్టీరింగు మీద చూపుడువేలు పెట్టి తోశాను.

తిరిగింది. ఇటు పూర్తిగా, అటు పూర్తిగా. కిర్రుమనలేదు. ముందు చక్రాలు రెండూ, చాలాకాలం మాట్లాడుకోని అక్కాచెల్లెళ్లు కలిసి ఒకవైపు చూసినట్టు, ఒకేసారి తిరిగాయి.

వాకిట్లో చిన్న చుట్టు చుట్టి, పికప్పు పక్కగా, తాడుకు తగలకుండా పోనిచ్చి, మంచం ఎదురుగా ఆపి హారను కొట్టాను. మా ఆయన కబాడీ వైపు తిరిగి, కొట్లో పెద్ద గిరాకీతో మాట్లాడే గొంతుతో అన్నారు.

"నిన్న నేనిచ్చిన మాట ఒకటి, మా ఆమెకిచ్చిన మాట ఒకటి. రెండోది ముందుగాల తీరింది. ఏమనుకోకు. చాయ్ తాగి పో."

"చాయ్ ఎక్కడుంది సేటూ?" అన్నాడు కబాడీ. "పొగనే ఉంది."

అందరం నవ్వాం. అత్తమ్మ ఏమాత్రం తడుముకోకుండా లోపలికి పోయి, గ్యాసు పొయ్యి వెలిగించి, చిటికెలో అల్లం చాయ్ తెచ్చింది. అతను ఊదుకుంటూ తాగాడు. తాగి, మట్టిలో పడున్న పాత కీలును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పబోయాడు. తిరగలేదు. "ఇదన్న ఇస్తరా భాభీ? ఉత్త చేతులతోటి పోతే బోణీ కాదు."

ఇచ్చాను. అంతకంటే సంతోషంగా నేను ఎవరికీ ఏదీ ఇచ్చి ఉండను. అతను దాన్ని కూలరు డొక్కుల మధ్య విసిరి, తాడు చుట్టుకుని, నవ్వుకుంటూ ఆవపల్లి వైపు పోయాడు.

తర్వాతి అంగడి మద్దేడుది. తెల్లవారుజామునే సామాను ఎక్కించాం. చెల్లె పక్క సీట్లో కూర్చోబోతే అత్తమ్మ ముందుగానే ఎక్కి కూర్చుని ఉంది. ఆమె అంగడికి వచ్చి ఎన్నేళ్లయిందో. ఒడిలో గుడ్డమూట. అందులో ఏముందో అడగలేదు. మలుపు దగ్గర చక్రం మెత్తగా తిరిగినప్పుడు మూటలోంచి తాళాలు ఒకదానికొకటి తగిలి, సన్నగా మోగాయి.

మద్దేడు పొలిమేరలో నెత్తిన గంపతో నడుస్తున్న ఆడవాళ్లు హారను విని పక్కకు జరిగి, వెనక్కి తిరిగి చూశారు.

"బండక్క వచ్చింది!" అన్నారు.

వచ్చాను.